మైకులో ప్రకటించిన గ్రహం

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కుర్రవాడు ఒంటరిగా గది తీసుకుని ఉంటున్నాడంటే ఏదో ఒక పోటీ పరీక్షకు చదువుతున్నట్టే లెక్క. "పరిశోధన చేస్తున్నాను" అంటే, "దానికి కోచింగ్ ఏడ మంచిగిస్తరు?" అని అడిగేవారు. అంతరిక్షంలో ఉన్న ఒక టెలిస్కోపు పంపే లెక్కలతో నక్షత్రాల మీద పని చేస్తున్నానని విడమరిచి చెబితే ఇంకాస్త జాలిగా చూసి, "పోస్టులెన్ని పడుతయి?" అనేవారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం ఉండేది కాదు (ఇప్పటికీ లేదు). అందుకని కొన్నాళ్లకు చెప్పడం మానేశాను. మనం చెప్పడం మానేస్తే వాళ్లు అడగడం మానేస్తారు. ఆ తర్వాత మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. పొద్దుటి నుంచి ఒక్క మాటా బయటికి రాకుండా గడిచిపోయిన రోజులు ఆ ఏడాది చాలా ఉన్నాయి. సాయంత్రం మెస్సులో "ఇంకొంచెం చారు" అన్నప్పుడు నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించేది.

అంతకు ముందు వరకూ నేను ఎల్‌బీ నగర్‌లో అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. నల్లగొండ పక్క పల్లె నుంచి నన్ను తీసుకొచ్చి చదివించింది అక్కే. ఒక వానాకాలం దానికి జ్వరమొచ్చింది. దవాఖానలో చేర్చిన వారం తిరక్కుండానే పోయింది. ఆ తర్వాత బావకూ నాకూ ఒకే ఇంట్లో ఉండటం కష్టమైంది. గొడవలేమీ పడలేదు. ఇద్దరం ఎదురెదురుగా అన్నానికి కూర్చుంటే మూడో కంచం లేదన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి కనపడేది, అంతే. చదువుకు అనుకూలంగా ఉంటుందని చెప్పి నేను దిల్‌సుఖ్‌నగర్‌కు మారాను. అనుకూలమేమీ లేదని ఆయనకూ తెలుసు. ఆపలేదు. ఆ ఏడాది జరిగిన సంగతొకటి గుర్తు చేసుకుని నవ్వుకోవడానికి మొన్న మొన్నటి దాకా ఇద్దరం ఉండేవాళ్లం. పోయిన చలికాలం నుంచి నేనొక్కణ్ణే ఉన్నాను. అందుకే రాస్తున్నాను.

బావను చుట్టాలందరూ మైకు బావ అనేవారు. పోచంపల్లి దగ్గర నేత పని చేసుకునే కుటుంబం వాళ్లది. బావ తరానికి మగ్గం వదిలేసి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టారు. ఆయన గొంతు చీరలు చూపించే పనికి మరీ పెద్దది. ఆడవాళ్లు రంగు నచ్చలేదని చెప్పడానికి కూడా భయపడేవారట. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చాక ఆ గొంతుకు సరిపోయిన పని దొరికింది. శిబిరం ఎక్కడ వేసినా మైకు ఆయన చేతికే ఇచ్చేవారు. అంతమందితో మాట్లాడే మనిషి నాతో మాత్రం ఏమీ మాట్లాడలేకపోయేవాడు. దుకాణం మా సందుకు రెండు సందుల అవతల. రోజూ పొద్దున స్కూటరు మీద మా సందు ముందు నుంచే పోయేవాడు. ఆ స్కూటరు చప్పుడు నాకు తెలుసు. ఆగదనీ తెలుసు.

నా గది మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఉండేది. కిటికీ తెరిస్తే ఎదురుగా ఒక కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ, అందులో ర్యాంకులొచ్చిన పిల్లల ముఖాలు. ఆకాశం కనపడాలంటే ట్యాంకు ఎక్కాలి. ఇంటావిడ గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ మనిషి, మంచిదే, కానీ నా మీద ఒక అనుమానం ఉండేది. "ఏం బాబూ, నువ్వు నక్షత్రాల మీద చదువుతున్నానన్నావు గదా, మరి రాత్రి తొమ్మిదికే లైటు తీసేసి పడుకుంటావేంటి?" అని ఒకసారి నిలదీసింది. చూసే పని టెలిస్కోపు చేస్తుందనీ, అది పంపిన అంకెలు పగలు కూర్చుని చూడటమే నా పని అనీ చెప్పాను. "అంటే అసలు నక్షత్రాన్నే చూడవా?" అంది. చూడనన్నాను. ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూసి, "సరేలే, అద్దె మాత్రం టైముకి ఇస్తున్నావు" అని కిందికి దిగిపోయింది.

ఆ టెలిస్కోపు ఆకాశంలో ఒకే వైపుకు కన్నార్పకుండా చూస్తూ అక్కడున్న నక్షత్రాల వెలుగును ఏళ్ల తరబడి కొలుస్తూ ఉండేది. ఏ నక్షత్రం ముందు నుంచైనా దాని గ్రహం నడిచిపోతే వెలుగు వెంట్రుకవాసి తగ్గి మళ్లీ మామూలవుతుంది. సమానమైన ఎడంతో అలా మళ్లీ మళ్లీ తగ్గుతుంటే అక్కడ గ్రహం ఉందని అనుమానించవచ్చు. ఆ లెక్కలను కొన్నాళ్ల తర్వాత ప్రపంచంలో ఎవరైనా దింపుకోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూడా దింపుకోవచ్చు, నెట్ ఉంటే. బందులతో యూనివర్సిటీ మూతపడి ఉండేది కాబట్టి నేను మెట్ల కింద ఉన్న ఒక ఇంటర్నెట్ కేఫ్‌కు పోయేవాణ్ణి. దాని యజమాని భాయ్‌కి నేను కనపడితే గుండెల్లో దడ. "సాబ్, మీ సితారలు దిగుతుంటే పిల్లల హాల్‌టికెట్లు దిగుతలేవు. జర ఒక్కటే దింపుకోండి సాబ్" అని బతిమాలేవాడు. ఒక నక్షత్రం పూర్తి రికార్డు దిగడానికే ఒక పూట పట్టేది. అందుకని నేను ఒక్క నక్షత్రాన్ని ఎంచుకుని, దాన్నే తెచ్చుకుని గదిలో పెట్టుకున్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. టెలిస్కోపు వాళ్లు లోపాలు తీసేసి శుభ్రం చేసిన లెక్కలు వేరే ఇస్తారు. వాళ్లు శుభ్రం చేస్తూ చేస్తూ గ్రహాన్ని కూడా ఊడ్చేసి ఉంటారేమోనని అనుమానించి నేను శుభ్రం చేయని అసలు లెక్కలే తెచ్చుకున్నాను. (ఆ వయసులో ఇంకొకరి చీపురు మీద నమ్మకం ఉండదు.)

సకల జనులూ సమ్మెలోకి దిగిన రోజులవి. బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసుల్లేవు. అలాంటి ఒక మధ్యాహ్నం, ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోయేలోగా చూద్దామని వెలుగు గీతను తెర మీద పరిస్తే, అందులో గుంటలు కనపడ్డాయి. మూడు రోజులకొకటి. చిన్నవి, కానీ ఉన్నాయి. తిరగేసి లెక్క వేశాను, మళ్లీ వేశాను. పోలేదు.  లేచి మేడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. ఎవరికైనా చెప్పాలి. మా మేడమ్‌కు (నా పరిశోధనకు గైడ్) చెబితే వంద ప్రశ్నలు వేస్తుంది. ఫోను తీసి పేర్లన్నీ కిందికీ పైకీ జరిపాను. చివరికి బావకు చేశాను. ఆయనకు నేను ఫోన్ చేసి ఎన్నాళ్లయిందో.

"బావా, నేను."

"ఊఁ. పైసలు గావాల్నా?"

"కాదు."

"జెరమొచ్చిందా?"

"కాదు బావా. గ్రహం దొరికింది."

 అటువైపు వెనకాల ఎవరో నినాదాలిస్తున్నారు.

"ఏడ దొరికింది?"

"ఆకాశంల."

"సరె. ఒస్తున్న" అని పెట్టేశాడు.

నిజంగానే వచ్చాడు. స్కూటరు చప్పుడు సందు మొదట్లో ఆగింది. మెట్లెక్కి రొప్పుతూ, చేతిలో బత్తాయిల సంచితో గుమ్మంలో నిలబడి గదంతా ఒకసారి చూశాడు. ఒక్క మంచం, ఒక్క గ్లాసు, తాడు మీద రెండు చొక్కాలు.  మంచం మీద కూర్చుని, "ఏది, సూపియ్యి" అన్నాడు. తెర తిప్పి చూపించాను. చాలాసేపు చూశాడు.

"గీ గుంతలేనా?"

"అవి గుంతలు కావు బావా. చుక్క ముందలికెళ్లి గ్రహం పోయినప్పుడల్లా వెలుగు తగ్గుతది."

"వానాకాలంల మన ఎల్‌బీ నగర్ రోడ్డు లెక్కనే ఉన్నదిరా."

నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. ఇద్దరం కలిసి నవ్వి చాలా కాలమైందని ఇద్దరికీ ఒకేసారి తోచినట్టుంది, వెంటనే ఆపేశాం. బావ ఒక బత్తాయి ఒలిచి సగం నాకిచ్చి, "మరి పేరు పెట్టినవా దానికి?" అన్నాడు. అలా పెట్టడం కుదరదనీ, నక్షత్రం నంబరు వెనక ఒక అక్షరం తగిలిస్తారనీ చెప్పాను. "నంబరు సర్కారుకురా. ఇంట్ల పిలుసుకునే పేరు ఉండాలె గద" అన్నాడు. తర్వాత తొనల మీది తెల్లటి ఈనెలు ఒక్కొక్కటే తీస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"మీ అక్క పేరు పెట్టొచ్చునా?"

అక్క పోయాక మా ఇద్దరి మధ్య అక్క మాట రావడం అదే మొదటిసారి. ఇంకా సరిచూసుకోవలసింది చాలా ఉందని నాకు తెలుసు. చెప్పాను కూడా. "సూసుకో. దొరికినంక యాడికి పోతది?" అన్నాడు. పెట్టొచ్చు బావా, అన్నాను. ఆయన తలూపి, మిగిలిన బత్తాయిలు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. దుకాణం ఎలాగూ మూసే ఉంది. శిబిరానికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి మెట్లెక్కి, "ఎట్లున్నది?" అనేవాడు. గ్రహం ఎలా ఉంటుంది, అలాగే ఉంది. అయినా తెర తెరిచి చూపించేవాణ్ణి. ఆయన గుంటల వైపు చూస్తూ అక్క గురించి ఏదో ఒక చిన్న మాట అనేవాడు. ఉప్పు ఎక్కువేసేదనో, స్కూటరు వెనక కూర్చుంటే భుజం పట్టుకునేది కాదనో. తర్వాత లేచిపోయేవాడు. గ్రహం ఉన్నన్నాళ్లూ బావ వస్తాడని నాకు అర్థమైంది. సరిచూసుకునే పని రేపటికి, ఎల్లుండికి వాయిదా పడుతూ పోయింది. కేఫ్ మూసి ఉందన్నది నేను నాకు చెప్పుకున్న కారణం.

ఆ వారంలోనే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, రోడ్డు మీదే కూర్చుని తింటారు. విజయవాడ పోయే లారీలన్నీ అన్నం అయిపోయేదాకా నిలబడాలి. (డ్రైవర్లు కూడా దిగి వచ్చి తినేవారు. వాళ్లకూ ఆకలి వేస్తుంది గదా.) బావ నన్ను లాక్కుపోయి బగారన్నం గుండిగ దగ్గర నిలబెట్టి చేతికి గరిటె ఇచ్చాడు. వడ్డిస్తున్నాను. మైకులో బావ గొంతు నాకు అలవాటే కాబట్టి వినకుండా వింటున్నాను. ఉన్నట్టుండి అందులో నేను వచ్చాను.

"మనకు తెలివి లేదన్నరు! మనకు పాలించుకునుడు చాతగాదన్నరు! అగో, గా గరిటె పట్టుకున్న పోరన్ని సూడున్రి! మన నల్లగొండ బిడ్డ, నా బామ్మర్ది! ఆకాశంల కొత్త గ్రహం దేవులాడి పట్టిండు!"

చప్పట్లు, ఈలలు. నేను గుండిగలోకి దిగిపోదామా అన్నట్టు వంగాను. బావ మైకును దగ్గరకు తీసుకున్నాడు. "ఆ గ్రహం పేరు..." అని ఆగాడు. మైకు గుయ్‌మంది. ఆయన నోరు తెరిచి ఉంది, కళ్లు నా మీద ఉన్నాయి. వేలమంది ముందు తడుముకోని మనిషికి ఆ ఒక్క పేరు నోట్లోంచి రాలేదు. గొంతు సవరించుకున్నాడు. "ఆ గ్రహం పేరు తెలంగాణ!" అన్నాడు.

ఇక ఆ గోల ఆగలేదు. "అగో, పైన ఇచ్చేసిన్రు, కిందనే ఇస్తలేరు!" అని ఒకాయన కేక వేశాడు. "ఆడ నీళ్లున్నయా అన్నా?" అని ఇంకొకాయన. "ఉంటే మాత్రం మనదాక రానిస్తరా, నడుమల్నే మళ్లిస్తరు!" అని వెనక నుంచి జవాబు. అన్నం కోసం వరసలో ఉన్న ముసలాయన ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, ఆడ వ్యవసాయం అయితదా?" అని అడిగాడు. ఇంకో గరిటె అన్నం వేశాను.

మర్నాడు ఒక పేపరు జిల్లా పేజీలో నా ఫోటో వచ్చింది. గరిటె స్పష్టంగా ఉంది, నేను కొంచెం మసకగా ఉన్నాను. దాంతో నా బతుకు మారిపోయింది. మెస్సులో వడ్డించే ఆవిడ అడగకుండానే చారు పోసి, "గ్రహం సారు, ఇంకింత కూరేసుకో" అంది. పక్క బల్ల మీది కుర్రాళ్లు, "ఆడ గ్రూప్ టూ పోస్టులు పడితే మాక్కూడ చెప్పన్నా" అన్నారు. ఇంటావిడ పేపరు చేతిలో పట్టుకుని మేడ ఎక్కి వచ్చింది. ముఖంలో సంతోషం ఉంది, కొంచెం కినుక కూడా ఉంది. "పేరు అదే ఖాయం చేశారా బాబూ?" అంది. మా బావ అలా అన్నాడండీ, అన్నాను. "కనిపెట్టింది మా మేడ మీద. కరెంటు మాది. నీళ్లు మావి. ఒక్క మాట అడగొచ్చు గదా" అంది. తర్వాత తనే నవ్వి, ఒక గిన్నెలో గోంగూర పచ్చడి పెట్టి వెళ్లింది. ఆ ఒక్క వారంలో నాతో మాట్లాడినంతమంది దానికి ముందు ఏడాదంతా మాట్లాడలేదు. నడుస్తుంటే ఎవరైనా పిలుస్తారేమోనని మెల్లగా నడిచేవాణ్ణి. పిలిచేవారు.

మేడమ్ ఫోన్ ఆ తర్వాత వచ్చింది.

"పేపర్లో చూశానయ్యా. గరిటె బాగా పట్టుకున్నావు."

"మేడమ్, అది నేను..."

"ఎంత ఎడంతో తగ్గుతోంది?"

"మూడు రోజులు మేడమ్. దాదాపు కచ్చితంగా."

"ఊఁ. పక్క నక్షత్రాలు చూశావా?"

నేను తెర మీదున్న ఒక్క గీత వైపు చూశాను.

"ఆ పక్కనున్న నాలుగైదు తెచ్చుకుని చూడు. చూశాక ఫోన్ చెయ్యి. వంట కూడా నేర్చుకుంటున్నావన్నమాట, మంచిదే" అని పెట్టేసింది.

ఇది మా పనిలో మొదటి నెలలోనే చెప్పే విషయం. ఒక నక్షత్రం వెలుగు తగ్గితే ముందు దాని ఇరుగుపొరుగును చూడాలి. అవి కూడా అదే సమయంలో తగ్గాయంటే తప్పు నక్షత్రానిది కాదు, చూసేవాడిది. నాకు తెలియక కాదు. ఒక్క నక్షత్రంతో గదిలో తలుపేసుకుని అన్నాళ్లు కూర్చున్నాక, దానికి పక్క ఒకటి ఉంటుందన్న సంగతే తట్టలేదు.

కేఫ్‌కు పోతే షట్టర్ దించి ఉంది. కొడితే పక్క తలుపు తీసి భాయ్ తల బయటపెట్టాడు. "సాబ్, బంద్ ఉంది, పరేషాన్ చెయ్యకండి" అన్నాడు. గ్రహం సంగతి భాయ్, అన్నాను. ఆయనా పేపరు చూశాడు. లోపలికి లాగి తలుపేసి, "మీ ఒక్కరి కోసమే తెరుస్తున్న. దింపుకోండి ఎన్ని కావాల్నో" అని ఒక సిస్టమ్ ఆన్ చేశాడు. హాల్‌టికెట్ల పిల్లలెవరూ లేరు కాబట్టి లెక్కలు త్వరగానే దిగాయి. మొదటి పక్క నక్షత్రాన్ని తెర మీద పరిచాను. గుంటలు ఉన్నాయి. మూడు రోజులకొకటి, నా నక్షత్రం తగ్గిన సమయానికే. రెండోది, మూడోది కూడా అంతే. నా గ్రహం ఆకాశంలో ఆ మూలనున్న నక్షత్రాలన్నింటి ముందు నుంచీ ఒకేసారి నడిచిపోయింది. కొంచెం వెతికితే సంగతి తెలిసింది. ఆ టెలిస్కోపు తిన్నగా నిలబడటానికి లోపల చక్రాలు తిరుగుతుంటాయి. మూడు రోజులకోసారి వాటి వేగం తగ్గించుకోవడానికి అది కొంచెం కదిలి సర్దుకుంటుంది, చాలాసేపు కూర్చున్న మనిషి కాలు మార్చుకున్నట్టు. ఆ కాసేపు చూపు చెదురుతుంది. నేను కనిపెట్టింది అది కాలు మార్చుకోవడాన్ని. టెలిస్కోపు వాళ్లు దాన్ని ఎప్పుడో శుభ్రంగా ఊడ్చి పెట్టారు.

"దొరికిందా సాబ్?" అన్నాడు భాయ్ వెనక నుంచి, చాయ్ గ్లాసు పక్కన పెడుతూ. దొరికింది భాయ్, అన్నాను.

మేడమ్‌కు చెప్పడం సులువే అయింది. "మంచిది. ఇప్పుడు పని మొదలుపెట్టు" అంది. బావకు ఎలా చెప్పాలి? పేపరు నవ్వుతుందనో, మెస్సులో చారు తగ్గుతుందనో కాదు నా భయం. ఆ గ్రహానికి అక్క పేరు ఉంది. అది లేదని నేనే చెప్పాలి. చెప్పాక బావకు మేడ ఎక్కే పని ఉండదు.

మధ్యాహ్నం శిబిరానికి పోయాను. ఆ రోజు రిలే నిరాహార దీక్షలో కూర్చోవడం బావ వంతు. మెడలో బంతిపూల దండతో పరుపు మీద కూర్చుని ఉన్నాడు. ఆకలితో ఉన్న మనిషికి ఇలాంటి వార్త చెప్పకూడదు, దీక్ష విరమించాక చెబుదామని పక్కన కూలబడ్డాను. దండలు వేసే ఆయన వరసగా వేసుకుంటూ వచ్చి నాకూ ఒకటి వేశాడు. తీసేద్దామనుకునేలోగా మైకులో నా పేరు కూడా చదివేశారు. మెడలో దండ ఉండగా లేచి పోయి తినలేను గదా. అలా నేను అనుకోకుండా దీక్షలో కూర్చున్నాను. (పొద్దున ఏమీ తినలేదు. ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చింది.)

పొద్దు వాలుతుండగా రోడ్డు మధ్యలో ఆడవాళ్లు బతుకమ్మ ఆడటం మొదలుపెట్టారు. అక్క లేకుండా అది ఎన్నో బతుకమ్మ అని లెక్కపెట్టదలచుకోలేదు. బావ అటు చూడకుండా మైకు తీగను చేతికి చుట్టి, విప్పి, మళ్లీ చుడుతున్నాడు. ఇక ఆగలేకపోయాను.

"బావా, గ్రహం లేదు."

తీగ చుట్టడం ఆపాడు. "యాడికి పోయింది?"

"పోలె. అసలే లేకుండె. టెలిస్కోపు మూడు రోజులకోసారి సర్దుకుంటది. అప్పుడు అన్ని చుక్కలూ తగ్గినట్టు కనవడతయి. నేను ఒక్క చుక్కనే సూసిన."

"పక్కయి సూడలేదా?"

"సూడలె."

"ఎందుకు సూడలె?"

నెట్ సంగతి, బంద్ సంగతి, కేఫ్ సంగతి అన్నీ నోటి దాకా వచ్చాయి. "తట్టలె బావా" అన్నాను.

ఆయన ఆడుతున్న వాళ్ల వైపు చూశాడు. చప్పట్ల మధ్య ఆయన మాట నాకు మాత్రమే వినపడింది. "నాక్గూడ తట్టలేదురా. రోజు నీ సందు ముందలికెళ్లే పోతుంటి."

 మైకు తీగను మళ్లీ చేతికి చుట్టడం మొదలుపెట్టాడు. "మరి మైకుల చెప్పినం."

"అవు."

"మైకుల చెప్పింది మైకులనే ఎనకకు తీసుకోవాలె. మనోళ్లకు ఇది కొత్తేం గాదు, కేంద్రం ప్రకటన ఇచ్చి గుంజుకునుడు సూసినోళ్లే. ఏమనరు." ఆగాడు. "ఇంకో పేరు మాత్రం మైకుల చెప్పలె గద. దాన్ని ఎనకకు తీసుకునేది లేదు."

"గ్రహమే లేదు గద బావా."

"లేకుంటే ఏమాయె. పేరున్నది" అని లేచి, దండ సర్దుకుని మైకు దగ్గరకు పోయాడు.

"అక్కలారా, అన్నలారా! మొన్న మనం ఇదే మైకుల ఒక గ్రహం ప్రకటించినం. దాని మీద పక్క చుక్కలతోని సంప్రదింపులు జరిగినయి. ఏకాభిప్రాయం కుదురలె! అందుకని ప్రకటనను ఎనకకు తీసుకుంటున్నం!"

 శిబిరమంతా పగలబడి నవ్వింది. బతుకమ్మ ఆడేవాళ్లు కూడా ఆగి, ఏమైందని అడిగి, తెలుసుకుని నవ్వారు. "కమిటీ ఎయ్యున్రి!" అని ఒకాయన అరిచాడు. "గ్రహాన్ని గూడ ముంచిన్రుర!" అని ఇంకొకాయన. నా పరిశోధన ఫలితాలకు ఆ తర్వాత చాలా సభల్లో చాలామంది చప్పట్లు కొట్టారు కానీ (మర్యాదకు), అంత మనస్ఫూర్తిగా ఎవరూ స్వీకరించలేదు. ఒక పెద్దమ్మ వచ్చి మా ఇద్దరికీ నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేసింది. నేను ఒక్క గుక్కలో తాగేస్తే ఇంకో గ్లాసు పోసింది. ఆకలని అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

మెస్సులో చారు మళ్లీ అడిగితేనే పోయడం మొదలైంది. ఇంటావిడ, "పోనీలే బాబూ, పేరు మాకు నచ్చలేదులే" అని ఓదార్చింది. తర్వాతి రోజుల్లో బావ రాలేదు. నేను పక్క నక్షత్రాలనన్నిటినీ వరసగా పెట్టుకుని మొదటి నుంచి పని చేస్తున్నాను. స్కూటరు చప్పుడు పొద్దున వచ్చేది, సందు దాటిపోయేది. అనుకున్నదే గదా అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం అదే చప్పుడు సందు మొదట్లో ఆగింది. మెట్ల మీద అడుగులు, రొప్పు. బావ ఒక స్టీలు టిఫిన్ డబ్బాతో లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఏమన్న దొరికిందిరా?"

"ఏం దొరకలె బావా."

"మంచిది. తిను."

డబ్బాలో వంకాయ కూర ఉంది. తనే వండాడు. ఉప్పు లేదు, కారం ఉంది, వంకాయ సగం ఉడికింది. ఇద్దరం ఊడ్చి తిన్నాం. తిన్నాక ఆయన గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఆ తర్వాత ఆదివారాలు అలాగే గడిచాయి, రాష్ట్రం వచ్చాక కూడా, నేను ఇంకో ఊరు మారేదాకా. ఒక్క గ్రహమూ దొరకలేదు. ఇప్పుడు నేను ఇతరులు కనిపెట్టామన్న గ్రహాల్లో ఏవి నిజమో ఏవి కావో తేల్చే పని చేస్తున్నాను. చాలాసార్లు అది గ్రహం కాదనే చెప్పాల్సి వస్తుంది. అలా చెప్పిన సాయంత్రాల్లో, ఒక మనిషి తన మేడ మెట్లెక్కి రావాలంటే ఆకాశంలో ఏదో ఒకటి దొరికి ఉండాలని గట్టిగా నమ్మిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. గరిటె పట్టుకుని మసకగా నిలబడి ఉంటాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. బావ వండిన కూర అంత బాగాలేకపోయినా రెండోసారి వడ్డించుకున్నది వాడే.